క్యాసెట్టు పత్రికకు గజమాల

క్యాసెట్ల మీద వెలువడిన సంగీత పత్రికల చరిత్రను మా బెజవాడ ఎట్టకేలకు కాపాడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. శ్రవణ వారసత్వ పరిరక్షణ సమితి మొన్న ఆదివారం ఆ పని సభాముఖంగా పూర్తిచేసింది. భోజనాలు కూడా బాగున్నాయి.

ఆ చరిత్ర ఇదీ. పూర్వం గుణదలలో కరిముల్లా గారు 'నాదమాసిక' అనే పత్రిక నడిపేవారు. దానికి కాగితం ఉండదు. సంపాదకీయం, కచేరీ సమీక్షలు, కూచిపూడి మేళం పాటలు, పాఠకుల ఉత్తరాలు, అన్నీ క్యాసెట్టులో వినాల్సిందే. చదివేది ఆయన భార్య బేగం బీ. మొదటి వైపు అయిపోగానే, "క్యాసెట్టు తిప్పండమ్మా, ఇంకా చాలా ఉంది" అనేవారు. జనం బుద్ధిగా తిప్పేవారు. తర్వాత జనం అభివృద్ధి చెంది, ఆ టేపులు బయటికి లాగి, పిట్టలు వాలకుండా వరిచేలకు కట్టారు. సంగీతం పల్లెలకు చేరడమంటే ఇదేనని సమితి తన నివేదికలో కొనియాడింది.

బేగం బీ నిరుడు పోయారు. ఆమె గొంతు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. ఇంట్లో టేప్ రికార్డరు ఏనాడో మూలపడింది. అందుకని కరిముల్లా గారు ఆ క్యాసెట్టు తెచ్చి సమితి అధ్యక్షులు వెంకటప్పయ్య గారి చేతిలో పెట్టారు.

"సభలో ఒక్కసారి వినిపించండి బాబూ. ఆవిడ మాట విని చాలా రోజులైంది."

"మీరు నిశ్చింతగా ఉండండి. దీన్ని ఊరంతా చూసేలా చేస్తాంగా!"

అధ్యక్షులు మాట తప్పే మనిషి కారు. మా ఊళ్లో సన్మానమంటే మనిషికి తగ్గ దండ పడాలి. మిర్చి వ్యాపారికి మిరపకాయల దండ, మిఠాయి కొట్టాయనకు కాజాల దండ వేసినవాళ్లం. అలాంటిది ఇంతటి సంపాదకుడికి బంతిపూలు వేస్తే పరువు పోదూ? సమితి ఆ క్యాసెట్టు విప్పి, టేపంతా ముక్కలుగా కోసి, మంగళగిరి జరీ చేర్చి గజమాల కట్టించింది. లైట్ల కింద అది తళతళలాడిపోయింది.

"కరిముల్లా గారి నాదాన్ని నిశ్శబ్దం కానివ్వం!" అని అధ్యక్షులు గంటసేపు గర్జించి దండ వేశారు.

చప్పట్లు ఆగాక కరిముల్లా గారు మెల్లగా అడిగారు. "క్యాసెట్టు ఎప్పుడు వినిపిస్తారండీ?"

"మీ మెడలోనే ఉందండీ!"

పెద్దాయన దండను రెండు చేతులా పట్టుకుని, ఒక్కో ముక్కా తడిమి చూశారు. "ఇందులో ఆవిడ ఎక్కడుందండీ?" అన్నారు. అధ్యక్షులు అప్పటికే కెమెరా వైపు తిరిగి ఉన్నారు.

ఆ ఫొటోను మన వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఆనందబాష్పాలని కింద రాశాను. దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. మీవీ వచ్చాయి, కృతజ్ఞతలు. ఆవిడ గొంతు ఎలా ఉండేదని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.