అపొస్తలుల వరస

గెర్షోము అయ్యగారికి పాస్టరుగా అభిషేకం చేసిన రోజున బిషప్ గారు ఆయన తల మీద పెట్టిన చెయ్యి ఇంకా తియ్యలేదు. ఇందులో వింతేమీ లేదు. బిషప్ గారి తల మీద అంతకు ముందు బిషప్ గారి చెయ్యి ఉంది, ఆయన తల మీద ఆయనకు ముందాయనది. పోయినవాళ్లు కూడా చెయ్యి తియ్యడానికి వీల్లేక వరసలోనే నిలబడ్డారు. వరస గుడి గుమ్మం దాటి, చేపల మార్కెట్టు మీదుగా రైలు గేటు దాటి, సముద్రంలోకి దిగిపోతుంది. పాసింజరు బండి గేటు దగ్గర ఆగితే జనం సామాన్లు నెత్తినెట్టుకుని, ఆ చేతుల కింద నుంచి దూరి అవతల బండి ఎక్కుతారు.

దీనికి ఆధారం లేఖనంలోనే ఉందంటారు సంఘ కార్యదర్శి యోనాతాను మాస్టారు. తిమోతి తల మీద చేతులుంచారని ఉంది, తీసేశారని ఎక్కడైనా ఉందా? మరి ప్రభువును పట్టిచ్చిన యూదా ఖాళీ చేసిన చోటికి మత్తీయను చీట్లేసి ఎన్నుకున్నారు కదా, అక్కడ చేతుల మాటే లేదేమని ఎవరో అడిగారు. మాస్టారు బుర్ర గోక్కుని, ప్రశ్నను వరసలో వెనక్కి పంపించారు. జవాబు రావాల్సి ఉంది.

వరస మొదట్లో పెద్ద అపొస్తలుడు పేతురు గారున్నారో లేదో చూసి రమ్మని ఒక కమిటీని కూడా పడవెక్కించారు. తిరిగొచ్చి ఒకాయన ఉన్నారన్నాడు. ఇంకొకాయన, మధ్యలో ఒకచోట మనిషి లేడు, ఉత్త అంగీ నిలబడి ఉందన్నాడు. మూడో ఆయన, మొదటి మనిషి తన చెయ్యి తన నెత్తినే పెట్టుకున్నాడన్నాడు. సంఘం మూడు మాటలనూ ఏకగ్రీవంగా ఆమోదించింది.

చిక్కల్లా మంచాన పడ్డ దెబోరమ్మతో వచ్చింది. కన్నుమూసేలోగా ప్రభు బల్ల రొట్టె, రసం పుచ్చుకోవాలని ఆమె ఆశ. కూతురు కృపావతి కబురు చెయ్యగానే, పాపం, అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని బయల్దేరారు. కానీ ఆయన అడుగు వెయ్యాలంటే వెనక అందరూ వెయ్యాలి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దెబోరమ్మ ఇంటి సందు మొగకి చేరారు. అక్కడ మలుపులో బిషప్ గారి మోచెయ్యి కరెంటు స్తంభానికి అడ్డుపడింది.

"అయ్యగారూ, అమ్మకి ఎగశ్వాస పెట్టింది. ఒక్క నిమిషం తల వంచి ఇవతలికి వచ్చెయ్యండి, మీకు దణ్ణం పెడతాను!" కృపావతి ఏడ్చేసింది.

"వచ్చేస్తానమ్మా. వచ్చాక నేనెవర్ని?" అన్నారు అయ్యగారు. వాదనకు కాదు, నిజంగానే తెలియక అడిగారు. ఆయనకీ ఏడుపొచ్చింది.

కృపావతి ఆయన చేతుల్లోవి లాక్కుని పరిగెత్తింది. రొట్టె ముక్క రసంలో తడిపి తల్లి నోట్లో పెట్టింది. దెబోరమ్మ మెల్లిగా మింగింది. కూతురి తల మీద చెయ్యి వేసి, "చల్లగా ఉండు తల్లీ" అంది. కాసేపటికి ఆ చెయ్యి మంచం మీదికి జారిపోయింది. ముఖం మాత్రం హాయిగా ఉంది.

సంగతి విని ఇంటికొచ్చిన మాస్టారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత అడగవలసింది అడిగారు.

"నువ్విచ్చేటప్పుడు నీ తల మీద ఎవరి చెయ్యి ఉందమ్మా?"

"ఎవరిదీ లేదండి. ఇచ్చాక మా అమ్మది ఉంది."

"ఇప్పుడేదీ?"

"తీసేసింది. పోయింది కదండీ!"

"తీసేస్తే ఎలా తల్లీ? మరి ఆమె పుచ్చుకున్నట్టా, పుచ్చుకోనట్టా? సమాధుల తోటలో చోటు అడిగితే సంఘానికి నేనేం చెప్పను?"

అమ్మ తిన్నది కృపావతి కళ్లారా చూసింది. అయినా మాస్టారు అంత నెమ్మదిగా, అంత మర్యాదగా అడిగేసరికి చూసిందేమిటో తెలియకుండా పోయింది. లోపలికెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. చల్లబడిపోతున్న చెయ్యి ఎత్తి తన తల మీద పెట్టుకుంది. జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది.

మాస్టారు గడప దగ్గర చెప్పులు విడిచి తొంగి చూశారు.

"ఆఁ, ఇప్పుడు బాగుంది. కదలకమ్మా" అన్నారు.