మూడుసార్లు తట్టిన లారీ

ఆ ఉదయం లారీ డ్రైవరు అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి బయలుదేరి, తనిఖీ ఆఫీసులో పొగ పరీక్ష చేయించుకొని, పర్మిట్ మీద ముద్ర వేయించుకు రావాలి. ముద్రకు అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఆ లారీ ఇంటిముందు నిలబడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బయట మంచు దట్టంగా పట్టింది. లారీ ముందుభాగం కనిపిస్తోంది. వెనకభాగం ఉందని నమ్ముకోవాల్సిందే. పది నెలల కిందటిదాకా దాన్ని అతని తండ్రి నడిపాడు. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చింది.

తాళం తిప్పగానే ఇంజిన్ అంటుకుంది గాని, చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికింది. వెనకనుంచి వచ్చిన నల్లపొగ మంచులో కలవకుండా మనిషెత్తున నిలబడింది. ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. అతను తాళం బయటకు తీశాడు. ఆ నిశ్శబ్దంలో, ఇంజిన్ లోపల ఎక్కడో, ఎవరో తట్టినట్టు వినిపించింది.

టక్. టక్. టక్.

అచ్చం తండ్రి తట్టినట్టే ఉంది. తండ్రి ఇంట్లో ఎవరినీ తిట్టేవాడు కాదు. ఎవరైనా తప్పు చేస్తే వేలి కణుపులతో తలుపుమీద మూడుసార్లు తట్టి, వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకునేదాకా చూస్తూ నిలబడేవాడు.

గుమ్మంలో ఉన్న తల్లి చేతిలోని గ్లాసు మెల్లగా కింద పెట్టింది. "విన్నావా?"

"ఏంటమ్మా?"

"మీ నాన్న."

"ఊరుకోండత్తయ్యా, పొద్దున్నే ఏంటా మాటలు!" అంటూ కోడలు బయటికొచ్చింది. కానీ వచ్చి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ తాళం తిప్పి తియ్యి," అంది తల్లి.

తిప్పాడు, తీశాడు. టక్. టక్. టక్. ఈసారి చివర్లో ఎవరో ఊపిరి వదిలినట్టు సన్నగా ఓ శబ్దం కూడా.

నోట్లో బ్రష్షుతో అప్పుడే వచ్చిన బావమరిది ఆ చప్పుడు వినగానే రాయిలా నిలబడిపోయాడు. నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. "మావయ్యగారూ," అన్నాడు లారీవైపు చూస్తూ, "మీ జాకీని దొంగలెత్తుకుపోలేదండీ. నేనే కాలవలో పడేశాను. కావాలని కాదు, జారిపోయింది."

"ఇంకోసారి తిప్పు," అంది తల్లి. టక్. టక్. టక్. "ఇంకా ఉందంటున్నారు."

"పానాలు కూడా," అన్నాడు బావమరిది.

"ఓరి నీ దుంపతెగ! ఆ పానాల కోసం నన్నెంత సాధించారో తెలుసా ఈయన?" అంది అతని అక్క. డ్రైవరు మళ్ళీ తాళం తిప్పి తీయగానే తట్టిన చప్పుడు వినబడింది. ఆమె గొంతు సగానికి దిగిపోయింది. "మావయ్యా, మీ వాలుకుర్చీకి చెదలేం పట్టలేదు. నాకే నచ్చక ఇచ్చేశాను."

ఏం జరుగుతోందోనని పక్కింటి మాస్టారు గోడమీంచి తొంగిచూశాడు. ఆయనకెవరూ ఏమీ చెప్పలేదు. మంచులో ముగ్గురు చేతులు కట్టుకొని లారీ ముందు నిలబడి ఉండడం, ఆ చప్పుడు, రెండూ ఆయనకు సరిపోయాయి. "పెద్దాయనా," అన్నాడు, "గోడ కట్టేటప్పుడు జానెడు మీవైపు జరిపిన మాట నిజమే."

"జానెడా!" అని డ్రైవరు లారీలోంచి గోడవైపు దూకాడు. భార్య తమ్ముడిని తిడుతోంది, తమ్ముడు కుర్చీ ఎవరికిచ్చావని అడుగుతున్నాడు, మాస్టారు జానెడంటే జానెడు కాదు, బెత్తెడేనని సవరించుకుంటున్నాడు.

తల్లి చెయ్యెత్తింది. అందరూ ఆగారు. ఆమె కొడుకువైపే చూస్తోంది.

"నువ్వు?"

అతను మళ్ళీ లారీ ఎక్కి తాళం తిప్పి తీశాడు. టక్. టక్. టక్. ఆ మూడూ ఈసారి అరికాళ్ళలోంచి ఎక్కివచ్చినట్టు తోచాయి.

"నాన్నా," అన్నాడు స్టీరింగుకు తల ఆనించి, "ఇంజిన్ బాగోలేదని చెప్పే దీపం నెలరోజులుగా వెలుగుతోంది. చూడలేక దానిమీద నల్లటేపు అంటించాను. పరీక్ష ఎలాగోలా గట్టెక్కుతుందనుకున్నాను."

"అయితే ముందు మెకానిక్ దగ్గరికి పద," అంది తల్లి, ఎక్కి పక్కన కూర్చుంటూ.

దారిపొడవునా లారీ మూలుగుతూనే ఉంది. అద్దంలో చూసినప్పుడల్లా నల్లపొగ వెనకే నడిచొస్తోంది.

మెకానిక్ నడివయసు ఆవిడ. టేపు పీకేసి, స్కానర్ తగిలించి తప్పెక్కడుందో చదివింది. నాలుగు బోల్టులు విప్పి పిడికిలంత ఇనుపముక్కను బల్లమీద పెట్టింది. దాని నోరంతా గట్టి మసి.

"ఇది ఈజీఆర్ వాల్వు. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ లోపలికే పంపుతుంది, మంట వేడి తగ్గడానికి. మసిపట్టి దీని తలుపు మూసుకోవట్లేదు. అవసరం లేనప్పుడు కూడా పొగ లోపలికెళ్తే బండి వణకదూ?"

"మరి ఆ తట్టడం?"

"తాళం తీశాక తలుపు సరిగ్గా మూసుకుందా లేదా అని అదే చూసుకుంటుంది. మసి అడ్డమొస్తే మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది."

వాల్వుకున్న చిన్న మోటారు వైపు తడి తగలకుండా మసి కరిగించే మందు కొట్టి, బ్రష్షుతో మసి వదిలించింది. తలుపు తేలిగ్గా ఆడుతోందో లేదో వేలితో చూసింది. సందులోంచి పొగ రాకుండా కొత్త గాస్కెట్ వేసి బిగించి, స్కానర్‌తో పాత తప్పు చెరిపేసింది. ఇంజిన్ నిమ్మళంగా తిరిగింది. తాళం తీస్తే చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం అతనికి ఎందుకో బాగోలేదు.

తల్లిని షెడ్డులోనే కూర్చోబెట్టి పరీక్షకు వెళ్ళాడు. లారీ గట్టెక్కింది. పన్నెండున్నరకు ముద్ర పడింది. తిరిగొచ్చేసరికి మంచు విడలేదు గాని, షెడ్డులోంచి ఆడవాళ్ళిద్దరి నవ్వులు వినబడుతున్నాయి.

"నిన్ననే ఫోన్ చేశారు మీ అమ్మగారు," అంది మెకానిక్. "మీరు లేనప్పుడు తాళం తిప్పి, చప్పుడు ఫోన్లోనే వినిపించారు. వాల్వు సంగతి అప్పుడే చెప్పాను."

అతను దిగి తల్లిని చూశాడు. "తెలిసే చేశావా ఇదంతా?"

"బండి చూపించరా అని నెలనుంచి మొత్తుకుంటున్నా. తల ఊపడం తప్ప విన్నావా? మీ నాన్న చెబితే ఒక్కపూటలో విన్నావు."

"మరి వాళ్ళందరి చేతా..."

"వాళ్ళనెవరడిగారు? వాళ్ళే చెప్పారు," అంది తల్లి. "గోడ సంగతి మాత్రం కలిసొచ్చింది."

ఆమె ఇంకా నవ్వుతుండగానే, ఎవరూ లేని లారీలో "ఉస్స్..." మని ఓ నిట్టూర్పు వినబడింది. తెరిచిన తలుపులోంచి ముగ్గురూ చూశారు. బరువైన మనిషెవరో కూర్చున్నట్టు, డ్రైవరు సీటు మెల్లమెల్లగా కిందికి దిగింది.

"సీటు కింద గాలిసంచి కారుతున్నట్టుంది. రేపు తీసుకురండి, చూస్తాను," అంది మెకానిక్.

"రేపు కాదు, ఇప్పుడే చూడమ్మా!" అని అరిచింది తల్లి, అప్పటికే రోడ్డుకు అవతలివైపు నిలబడి.