చెత్త కావలసిన బడి

ఆ రోజు పొద్దున సైన్సు చెప్పే చలపతి మాష్టారి ఆలోచన చాలా చిన్నది. మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్ నుంచి విద్యాధికారి వస్తారు. పిల్లలు భోంచేసి, కంచాల్లో మిగిలింది బడి వెనకున్న ఎరువు గుంతలో వేస్తారు. అధికారి మెచ్చుకుని, దక్షిణాన చిట్టచివరి దీవిలోని కాంప్‌బెల్‌బేకి మాష్టారికి రాబోతున్న బదిలీ తప్పిస్తారు. ఇక్కడే చౌల్దారీలో ఇల్లు కట్టుకుని, కొబ్బరి మొక్కలు నాటుకున్న మనిషికి ఓడెక్కి అంత దూరం పోవాలంటే గుండెల్లో రాయి పడ్డట్టుంది మరి.

తీరా వెళ్ళి చూస్తే గుంతలో ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. తప్పు ఆయనదే. అన్నం పారేయడం తప్పని, భూమికి అదొక భారమని నెలంతా పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పారు. పిల్లలు నిజంగానే విన్నారు. ఆయన సర్వీసులో ఇలా జరగడం ఇదే మొదలు. ఇప్పుడు వాళ్ళ కంచాలు కడగకముందే కడిగినట్టు మెరుస్తున్నాయి.

ఖాళీ గుంత చూపించి ఏం గొప్ప చెప్పుకుంటారు? బడిలో వంటచేసే అప్పలకొండమ్మను పక్కకు పిలిచి, ఇవాళ కాస్త అన్నం మిగిలేలా చూడమని నసిగారు. కూరలో ఉప్పు ఎక్కువైనా ఫర్వాలేదని చెప్పబోయి, ఆమె చేతిలో గరిటె చూసి ఆగిపోయారు.

అప్పలకొండమ్మకు అది వేరేగా అర్థమైంది. పెద్దాఫీసరూ ఆయన వెంట వచ్చేవాళ్ళూ తింటారు కాబట్టి వంట తగ్గకూడదు, రుచీ తగ్గకూడదు. జంగ్లీఘాట్‌లో వేటకెళ్ళే తమ్ముడికి ఫోను చేసి తాజా చేపలు తెప్పించి, పులుసు పెట్టింది. ఆ వాసనకు పిల్లలు గంట కొట్టకముందే వరసకట్టారు. మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. చివరికి గంగాళం అడుగు కూడా గీకేశారు.

"మిగల్చమన్నానా లేదా?" అన్నారు మాష్టారు, నీరసంగా.

"నాను వొండింది మిగిలిపోడమేటి మేస్టారూ? ఇన్నేళ్ళనుంచి వొండతన్నాను, ఆ మాట ఇంతవరకు పళ్ళేదు," అని ఆమె మొహం ముడుచుకుంది.

ఇక ఊరే దిక్కు. గేటు ముందు ఆటో పెట్టుకునే తాతబ్బాయిని పిలిచి, నాలుగిళ్ళు తిరిగి ఒక బస్తా కూరగాయ తొక్కలు తెమ్మన్నారు. తాతబ్బాయి ఈ దీవుల్లో పుట్టినవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. మాష్టారు చెప్పిన తొక్కలు, ఆటో మొదటి మలుపు తిరిగేసరికి కచరా అయ్యాయి.

"దీదీ, స్కూల్‌కి కచరా కావాలంట. బడా సాబ్ వస్తన్నాడు, జల్దీ ఇచ్చీండి," అని వీధివీధికీ చెప్పాడు.

ఊరంతా కదిలింది. ఎక్కడ పారేయాలో తెలియక పెరట్లో పడున్న చెత్తకు ఇన్నాళ్ళకు సర్కారు నుంచి పిలుపొచ్చింది. ప్లాస్టిక్ సీసాలు, చిరిగిన వలలు, తెగిన చెప్పులు, రెక్కల్లేని ఫ్యాను, ఎవరిదో పాత పరుపు బడికి చేరాయి. మాష్టారు వద్దు వద్దని చేతులు అడ్డం పెడుతుంటే, మొహమాటపడుతున్నారనుకుని ఇంకొంచెం తెచ్చి వేశారు. అధికారి జీపు దిగేసరికి గుంత కాస్తా గుట్టయింది. దాని పక్కన మాష్టారు ఆ పరుపును కాలితో వెనక్కి నెడుతున్నారు.

అధికారి గుట్ట చుట్టూ తిరిగి చూశారు. మాష్టారికి కళ్ళముందు ఓడ కనిపించింది. ఇదంతా ఊరివాళ్ళు తమంతట తామే తెచ్చారా అని అధికారి హిందీలో అడిగారు. అవునన్నారు మాష్టారు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

అధికారి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. ప్లాస్టిక్ ఏరమని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నా ఏ ఊరూ కదల్లేదట. ఈ బడి కదిలించిందట. ఇకపై సిప్పీఘాట్ దాకా ఉన్న బళ్ళన్నిటి చెత్తా ఇక్కడికే తెచ్చి వేరుచేయాలని అక్కడికక్కడే హుకుం జారీ చేశారు.

"ఇలాంటి మనిషిని ఇక్కణ్ణుంచి కదపకూడదు," అన్నారు జీపెక్కుతూ.

అలా చలపతి మాష్టారి బదిలీ ఆగిపోయింది. సోమవారం నుంచి రోజూ పొద్దున్నే లారీలు వస్తున్నాయి. ఆయన చేతులకు తొడుగులు వేసుకుని సాయంత్రం దాకా గుట్టమీదే ఉంటున్నారు.

సైన్సు పాఠాలు డ్రిల్లు మాష్టారు చెబుతున్నారు.