నాటకానికి ఒకే బఫూన్

నవ్వడం ప్రజల హక్కు. నవ్వించడం మాత్రం ప్రదర్శనల అనుమతి శాఖ వారి దయ.

ఈ సంగతి చిత్తూరులో ఆ ఆఫీసు మెట్లు ఎక్కేదాకా నగరిలో మరమగ్గాలు నడిపే ధనంజయకు తెలియదు. మగ్గాల హోరులో అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది ‘ఏడుపు క్యాబేజీలు’ అనే ఫ్రెంచి రాక్ బ్యాండును. ఒక్క మాటా అర్థం కాదు. అయినా నవ్వొచ్చేది, లోపల ఎన్నాళ్లుగానో బిగిసిన దారం ఒకటి వదులైనట్టు. సొంత దేశంలో జనం నవ్వడం మానేశారని, బ్యాండు మూసేసేలోగా పిలిచినచోటికల్లా వెళుతున్నారని తెలిసి తమ ఊరి జాతరకు పిలిచాడు. బ్యాండులోని నలుగురూ వచ్చి నగరిలో దిగారు. వాళ్లు నవ్వించకపోతే ఊరు ధనంజయను చూసి నవ్వుకుంటుంది.

శాఖాధికారి పరంధామయ్య దగ్గరున్న పట్టీలో భజన, హరికథ, ఆర్కెస్ట్రా, వీధినాటకం ఉన్నాయి. నవ్వించే రాక్ లేదు. చాలాసేపు ఆలోచించి వీధినాటకంలో చేర్చాడు. (పేరులో కూరగాయ ఉన్నందుకు ఉద్యాన శాఖ నుంచి అభ్యంతరం లేదని పత్రం తెమ్మన్నాడు. ధనంజయ తెచ్చాడు.)

“నాటకానికి ఒక బఫూనే అప్పా. నలుగురూ నవ్విస్తే కథ నడిపేదెవురు?”

“కథ లేదు సార్. నవ్వించేదే వాళ్ల పని.”

“అట్లయితే ఒకణ్ణి చెప్పు. తక్కిన ముగ్గురూ నవ్వించేది లేదని రాసియ్యాల.”

అందరిలో పెద్దవాడని డ్రమ్మరును చెప్పాడు ధనంజయ. తక్కిన ముగ్గురూ వేలిముద్రలు వేశారు. (సంతకాల్లో నవ్వు కనిపిస్తోందని శాఖ ఒప్పుకోలేదు.)

జాతర రోజు అనుమతి ఉన్న డ్రమ్మరు పల్టీలు కొట్టాడు, గోచీ బిగించాడు, డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ధనంజయ గుండెలో మగ్గం ఆగింది. వెనక ముగ్గురూ మాత్రం, ఇచ్చిన మాటకు కట్టుబడి, రాయిలాంటి మొహాలతో క్యాబేజీ గురించి పాడుతున్నారు.

ముందు వరసలో చెంగమ్మ పక్కావిణ్ణి పొడిచింది. “సూడు మే, ‘రేపు రా, పో’ అనే ఆఫీసోళ్ల మాదిరే ఉండారు.”

ఆ మాట వరస దాటి వరసకు పాకింది. జనం పొట్టలు పట్టుకున్నారు. పరంధామయ్య తన నవ్వును దగ్గుగా మార్చుకోవడం ధనంజయ చూశాడు.

మరునాడు పరంధామయ్య ధనంజయను ఆఫీసుకు పిలిపించాడు. “అనుమతి లేనోళ్లు నవ్వించినారంటే నీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది. నవ్వించింది డ్రమ్మరే అని సంతకం పెట్టప్పా.”

ధనంజయ పెట్టాడు. శాఖ డ్రమ్మరుకు ఉత్తమ బఫూన్ అని ధ్రువపత్రం ఇచ్చింది.

ముగ్గురూ ఆ మొహాలే పెట్టుకుని ఇప్పుడు దేశాలన్నీ నవ్విస్తున్నారట. డ్రమ్మరు ధ్రువపత్రాన్ని పటం కట్టించి వేదిక మీద తగిలించి, ఒక్కడే కచేరీలు చేస్తున్నాడు. ఎవరికీ నవ్వు రాదు. పటం చూసి, లోపం తమలోనే ఉందనుకుని, మళ్లీ టికెట్టు కొంటున్నారు.