మొండిపట్టుకు ఒక ఉదాహరణ

కొత్త రాతబల్లను గదిలోకి చేర్చి, దాని ముందు కూర్చుని, "మొండిపట్టు" అనే మాటకు ఉదాహరణ వాక్యం రాయాలని ఆ ఉదయం నిఘంటుకారుడు అనుకున్నాడు. "ఏమైనా సరే తన మాట వదలకపోవడం" అని అర్థం ఎప్పుడో రాసేశాడు. వాక్యమే కుదరడం లేదు. మధ్యాహ్నంలోగా అది అందకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తానని సంపాదకుడు తెగేసి చెప్పాడు.

"మనింట్లో అలాంటివాళ్ళుంటే కదా, ఉదాహరణ తట్టడానికి!" అన్నాడు, గది లోపల నిలబడి బల్లను లాగుతూ.

"ముందు కాళ్ళు విప్పండి. పట్టదు," అంది భార్య, హాల్లోంచి తోస్తూ.

"పక్కకి వాల్చు చాలు, అదే దూరుతుంది."

అతను తన వైపు వాల్చాడు. ఆవిడ తన వైపు నిటారుగానే పట్టుకుంది. బల్ల వంకరగా సగం దూరి గుమ్మంలో బిగుసుకుపోయింది. అతని కాఫీ హాల్లో ఉండిపోయింది, ఆవిడ చేతిసంచీ గదిలో ఉండిపోయింది.

"ఇప్పుడైనా విప్పుతారా?"

"చచ్చినా విప్పను. నువ్వు వాలుస్తావా?"

"ససేమిరా!"

కేకలు విని వచ్చిన పక్కింటి పిన్నిగారు, "ఉండమ్మా, నేను చూస్తా," అని ఒక్క తోపు తోసింది. బల్ల ఇంకాస్త బిగిసింది. తలుపు గొళ్ళెం ఊడి ఆవిడ చేతికొచ్చింది. అంతలో సంపాదకుడే స్వయంగా దిగబడ్డాడు.

"వాక్యమేదయ్యా?"

"రాసుకుందామంటే బల్ల గుమ్మంలో ఉందండీ."

"అయితే నేనే వచ్చి రాయిస్తానుండు!" అంటూ ఆ భారీ మనిషి బల్ల కింది సందులో దూరాడు. పొట్ట దగ్గర ఇరుక్కుపోయాడు.

ఆయన మూలుగు వినేసరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరి మనసూ కరిగిపోయింది. లోపల అతను చప్పుడు కాకుండా కాళ్ళ మరలు విప్పేశాడు. బయట ఆవిడ, సరే ఈ ఒక్కసారికి మొగుడి మాటే విందామనుకుని, పిన్నిగారితో కలిసి బల్లను వాల్చింది. బల్ల సంపాదకుడితో సహా గదిలోకి జారిపడింది.

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"మీరన్నట్టు వాల్చాను కాబట్టే దూరింది. మీరే గెలిచారు."

"కాదు, నువ్వన్నట్టు కాళ్ళు విప్పబట్టి. గెలుపు నీదే."

"మీదేనంటున్నానా!"

"నీదని చెప్తుంటే వినవేం!"

గొళ్ళెం ఎవరికివ్వాలో తెలియక పిన్నిగారు అలాగే నిలబడింది. సంపాదకుడు నేల మీద పడుకునే జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ మాటలన్నీ రాసుకున్నాడు. అవి వేళకే అచ్చుకు వెళ్ళాయి.

ఆ నిఘంటువులో ఇప్పుడు "రాజీ" అనే మాట కోసం వెతికితే, "మొండిపట్టు చూడుము" అని ఉంటుంది.