సగంలో ఆగిన జెండా

కెప్టెన్ థోర్కిల్ సముద్రస్నానం నుంచి తిరిగొచ్చేలోగా ఆయన పుట్టినరోజు జెండా ఎగరేసి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలని ఎస్బెన్ పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. మా ద్వీపపు ఊరు ఎరోస్కోబింగ్‌లో పుట్టినరోజంటే ముందు జెండా, తరవాతే కాఫీ.

ఎస్బెన్ కోపెన్‌హాగెన్‌లో అయిదో అంతస్తులో పెరిగినవాడు. కెప్టెన్ కూతురు సిగ్నెని చేసుకుంటానని అడగడానికి నిన్నటి పడవలో దిగాడు. గుమ్మాలకంటే ఎత్తెదిగిన హాలీహాక్ పూలనీ, రాళ్ళు పరిచిన సందుల్నీ, ఒకదాని భుజమ్మీద ఒకటి వాలినట్టుండే పొట్టి ఇళ్ళనీ చూసి నోరు తెరిచినవాడు మళ్ళీ మూయలేదు. అతని తప్పేం లేదు, మా ఊరు అలాంటిది. కెప్టెన్ మాత్రం అతని మెత్తటి చేతులు చూసి, "తాడు ముడి తెలియనివాడికి పిల్లనెలా ఇస్తానయ్యా?" అనేశాడు.

అందుకే ఈ జెండా. అది సగం దాకా హుందాగా ఎక్కింది. అక్కడ తాడు కప్పీలో ఇరుక్కుంది. లాగితే పైకి పోదు, వదిలితే కిందికి రాదు. జెండా సగంలో ఉందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. కంగారులో ఎస్బెన్‌కి ఆ సంగతే తట్టలేదు. నిచ్చెన కోసం పెరట్లోకి పరిగెత్తబోతుంటే ఎదురింటి బోదిల్ బయటికొచ్చింది.

"ఏం బాబూ, కెప్టెన్ ఏడీ?"

"సముద్రానికి వెళ్ళారండీ. ఇంకా రాలేదు."

"అయ్యో భగవంతుడా! సిగ్నెకి తెలుసా?"

"కేకు తేవడానికి వెళ్ళింది. మీరు చెప్పకండి పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది. తప్పంతా నాదే!"

బోదిల్ కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళి, కెప్టెన్ పుట్టినరోజని ఎగరేసిన తన జెండాని సగానికి దించింది. ఆవిడని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి సందంతా. మా ఊళ్ళో దుఃఖంలో ఉన్నవాళ్ళని వివరాలడగరు, అది మర్యాద కాదు. రేవులో పడవ కూడా జెండా దించుకుంది. బేకరీవాడైతే సిగ్నె చేతిలోని కేకు మీద గుచ్చిన చిట్టి జెండాలన్నీ పీకేసి, "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు.

ఎస్బెన్ నిచ్చెన మోసుకొచ్చేసరికి ఇంటి ముందు జనం, పూలు. ఒక్కొక్కరే వచ్చి అతన్ని గట్టిగా కావిలించుకున్నారు. ఒక తాడు ఇరుక్కుంటే ఇంతమంది ఓదారుస్తారా, ఎంత మంచి ఊరు అని అతని కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళు చూసి జనానికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. సిగ్నె పరిగెత్తుకొచ్చింది. బోదిల్ ఆమె చెవిలో ఒక మాట చెప్పగానే మెట్ల మీద కూలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ తడి తువ్వాలు భుజానేసుకుని సందు మలుపు తిరిగాడు. ఊరంతా సగం జెండాలు. ఎవరు పోయారో ఆయనకీ తెలియదు. అడగడం మర్యాద కాదు కనక టోపీ తీసి, తల వంచుకుని, గుంపు వెనక నిలబడ్డాడు.

ముందు నిలబడి మాట్లాడుతున్నవాడు విగ్గో. ఎప్పుడో ద్వీపం చుట్టూ జరిగిన తెరచాప పడవల పందెంలో నెగ్గింది నేనంటే నేనని కెప్టెన్‌తో జీవితమంతా పోట్లాడినవాడు.

"నెగ్గింది థోర్కిలే!" అని విగ్గో బావురుమన్నాడు. "నేను అడ్డదారిన వచ్చాను. అలాంటి నావికుడు ఈ నీళ్ళమీద మళ్ళీ పుట్టడు!"

"కాస్త గట్టిగా చెప్పు విగ్గో, వెనక్కి వినపడట్లేదు" అన్నాడు కెప్టెన్.

బోదిల్ కెవ్వుమంది. సిగ్నె తండ్రి మెడకి చుట్టుకుని, ఏడుస్తూనే ఆయన్ని నాలుగు గుద్దింది. విషయం బయటపడ్డాక కెప్టెన్ జెండా వంక చూసి, "ఈ పని ఎవరిది?" అన్నాడు.

"నాదేనండీ," అన్నాడు ఎస్బెన్ నిచ్చెన పట్టుకుని. "మధ్యాహ్నం పడవకే వెళ్ళిపోతాను."

"ఎక్కడికయ్యా వెళ్ళేది? ఆ మాట వీడి నోట వినకుండానే పోతాననుకున్నాను. ఊరంతా సాక్ష్యం పెట్టి చెప్పించావు!" కెప్టెన్ కళ్ళు నిజంగానే తడిశాయి. "ముడులదేముంది, నేర్పుతాను. అమ్మాయ్, అందరికీ కాఫీ పెట్టు. అల్లుడికి ముందు."

ఏడవడానికి వచ్చినవాళ్ళంతా కేకు తిని, చేతులు దులుపుకుని వెళ్ళారు.

పోయినవాణ్ణి పొగిడిన మాట బతికున్నవాడికి చెల్లదని విగ్గో పెళ్ళి విందులో కూడా వాదించాడు.