స్వయంబుద్ధి పథకం

ప్రజలు ఇకపై సొంతంగా ఆలోచించవచ్చునని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. అందుకు శనివారం సాయంత్రం ముహూర్తం కూడా పెట్టించారు. ఆ రోజు టౌన్‌హాల్లో భవిష్యత్తు గురించిన సినిమా ఉచితంగా చూపిస్తారు. ఆపైన "మనిషికి స్వేచ్ఛ ఉందా?" అని చర్చ. ఇంత పెద్ద మనసు ఏ మంత్రికుంటుంది?

హాలు నింపే భారం మా బావమరిదిది. పార్టీ జెండా మోసి మోసి భుజం కాయలు కాసినవాడు. సభ సజావుగా జరిగితే ఏదో ఒక చైర్మన్ పదవి ఇస్తామన్నారు. తేడా వస్తే మళ్ళీ జెండాయే.

"బావా, నేను ముందు వరసలో ఉంటా. జేబురుమాలు తీస్తే అందరూ చప్పట్లు కొట్టాలి. లోపల పెట్టేస్తే ఆపెయ్యాలి," అన్నాడు.

"మధ్యలో నాకే కొట్టాలనిపిస్తే?"

"అనిపించదులే బావా."

సినిమా మొదలైంది. అందులో ఊరందరి తరఫునా ఒక మర ఆలోచిస్తుంది. ప్రతి గోడకీ ఒక దీపం. పచ్చగా వెలిగితే నవ్వాలి, ఎర్రగా వెలిగితే నోరు మూసుకోవాలి. అంతా పైవాడే నడిపిస్తాడని రోజూ దణ్ణం పెట్టుకునే నాకు కాస్త కలవరం కలిగింది. ఆయనకీ ఈ మరకీ తేడా ఏమిటి? తప్పు చేసినా ఆయన ఊరుకుంటాడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇంతలో తెరమీద ఒక ముసలమ్మ ఎర్రదీపం వెలుగుతుండగా నవ్వింది. భటులు ఆమెను ఈడ్చుకుపోతుంటే కన్నకొడుకు దీపం వైపు చూస్తూ నిలబడ్డాడు. మా అత్తగారు పోయి ఏడాది కాలేదు. మా బావమరిదికి దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు తీశాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

వాడు కంగారుగా వెనక్కి తిరిగి, ఆపమని చెయ్యి ఊపాడు. ఆ చేతిలోనే రుమాలుంది. మోత రెట్టింపైంది. నేనూ కొడుతూనే ఉన్నాను.

మంత్రిగారు లేచి చూశారు. "జనానికి ఆ దీపం అంత నచ్చిందా?"

"చూస్తున్నారుగా సార్," అన్నాడు పి.ఏ.

"ఇంకా చర్చెందుకయ్యా? ఆలోచించేశారుగా."

చర్చ రద్దయింది. ఊళ్ళో ప్రతి గోడకీ ఒక దీపం మంజూరైంది. దీపాల సంస్థకు చైర్మన్ మా బావమరిదే.

ప్రమాణస్వీకారం అదే హాల్లో. మైకు ముందు నిలబడి "ఇవాళ మా అమ్మ ఉండుంటే..." అన్నాడు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. హాల్లో ఒక్క చప్పుడూ లేదు. అందరం గోడమీది కొత్త దీపం వైపు చూస్తున్నాం.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "తమ్ముడు ఏడుస్తున్నాడండీ. అటు చూడరేం?"

"ఉండవే, ఇంకా వెలగలేదు," అన్నాను.